కట్ట ఒకరికి, సీలు ఒకరికి

నేను ఇత్తడి సీలుని. బొటనవేలంత పొడవు, పాత అర్ధరూపాయంత ముఖం, పట్టుకోవడానికి టేకు పిడి. ముఖం మీద మూడు అక్షరాలు, ఒక అంకె, అన్నీ తిరగేసి చెక్కినవి. ఢిల్లీ నుంచి నడిచే ఒక దర్యాప్తు శాఖ నన్ను చేయించుకుంది. ఆ శాఖ పేరు చెప్పను. చెప్పినా వాళ్లు కాదంటారు. కాదనడం వాళ్లకి ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే నేర్పుతారు.

విశాఖపట్నం పాత ఊళ్లో ఒక ఇరుకు కొట్లో పోలాకి అప్పలకొండ అనే ముసలాయన నన్ను చెక్కాడు. నేమ్‌ప్లేట్లూ, స్టీలు గిన్నెల మీద పేర్లూ చెక్కి బతికే మనిషి. నా మీద రెండు రోజులు కూర్చున్నాడు. ఎందుకు, ఎవరికి అని అడగలేదు. మూడోరోజు ఒక కాగితం మీద లక్క కరిగించి నన్ను అద్ది, అక్షరాలు తిన్నగా పడ్డాయని చూసుకుని, గుడ్డలో చుట్టి ఇచ్చేశాడు. నన్ను పట్టుకున్న చేతుల్లో తన పని తాను పూర్తిగా చేసిన చెయ్యి అదొక్కటే. మిగతావాళ్ల గురించి చెప్పడానికే ఇంత కథ.

ఇన్‌స్పెక్టర్ మల్లవరపు జోగారావు రిజిస్టరులో సంతకం పెట్టి నన్ను తీసుకున్నాడు. అప్పటికి ఆయన సర్వీసు పద్దెనిమిదేళ్లు. పనిమంతుడు, ఆ మాట దాచను. ఎవరి మీదా చెయ్యి ఎత్తేవాడు కాదు, గొంతు పెంచేవాడు కాదు. సాక్షి అబద్ధం మొదలుపెడితే అడ్డు చెప్పకుండా చివరిదాకా చెప్పనిచ్చేవాడు. మంచినీళ్లు కూడా ఇప్పించేవాడు. అంతా రాసి, కింద సంతకం పెట్టించుకుని, అప్పుడు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ మొదటి ప్రశ్న వేసేవాడు. ఆ కళ్లజోడు తుడవడం చూసి గుమాస్తాలు, కాంట్రాక్టర్లు, ఒకసారి ఒక డాక్టరు, కుర్చీలోనే ఏడవడం నేను చూశాను.

వేడి లక్క ఇత్తడికి అంటుకుంటుంది. అంటకుండా సీలుని ముందు తడి చెయ్యాలి. తడిగుడ్డ వాడమని నియమావళిలో ఉంది. జోగారావు నా ముఖం మీద ఉమ్మేవాడు. ప్రభుత్వం వారి సత్యం ప్రతిసారీ అలాగే మొదలైంది.

నాకొక ఆచారం ఉంది. అది తెలియకపోతే మీకు ఈ కథ అర్థం కాదు. నేరం జరిగిన చోట దొరికిన వస్తువుని గుడ్డలో కట్టి, తాడు వేసి, ముడుల మీద లక్క పోసి నన్ను అద్దుతారు. ఆ పని ఇద్దరు బయటివాళ్ల ముందు చెయ్యాలి. వాళ్లని మధ్యవర్తులంటారు. జరిగింది అక్కడే ఒక నివేదికలో రాసి, దాని అడుగున కూడా నా ముద్ర ఒకటి వేసి, మర్నాడే కోర్టుకి పంపుతారు. ఆ తర్వాత కట్ట దర్యాప్తు అధికారి తీసుకెళ్తాడు. నన్ను మాత్రం మధ్యవర్తికిచ్చి రసీదు తీసుకుంటారు. కట్ట ఒకరి దగ్గర, సీలు ఇంకొకరి దగ్గర. రెండూ ఒకే చేతిలో ఉంటే కట్ట విప్పి, కావలసింది పెట్టి, మళ్లీ ముద్ర వేయవచ్చు. అంటే తన అధికారిని తనే నమ్మనని ప్రభుత్వం ఒప్పుకుని రాసిపెట్టిన నియమం అది. నాకు తెలిసి ప్రభుత్వం చెప్పిన నిజాల్లో అదొకటి.

అలా నేను చాలా ఇళ్లు చూశాను. ఒక హెడ్ క్లర్కు భార్య నాతో అల్లం దంచింది. ఒక గ్రామసేవకుడు ప్రభుత్వం వారిది కదా అని దేవుడి పక్కన పెట్టి బొట్టు పెట్టాడు. ఎక్కువమంది నాలుగు రోజులు కాకుండానే "ఇదెందుకండీ మా ఇంట్లో, మీ దగ్గరే ఉంచుకోండి" అని తెచ్చి ఇచ్చేసేవాళ్లు. తీసుకోనన్న అధికారిని నేను చూడలేదు.

ఇక ఆ బండి సంగతి.

కేంద్ర ప్రభుత్వపు మాంగనీసు గని ఒకటి ఉంది. గనికి సొంత రైలు పట్టాలు, కూలీల కోసం రోజూ రెండు పెట్టెల బండి. ఒక ఉదయం గొర్లెవలస మలుపులో ఆ బండి పట్టా దిగి బోర్లా పడింది. పదకొండు మంది చచ్చిపోయారు. మధ్యాహ్నానికి జోగారావు అక్కడున్నాడు, ఆయన సంచిలో నేనున్నాను.

రెండు పట్టాలు కలిసేచోట ఇనప పట్టీలు వేసి నాలుగు బోల్టులతో బిగిస్తారు. ఆ అతుకు ఊడిపోయింది. నాలుగో బోల్టు పట్టీలోనే ఉంది. తక్కిన మూడూ విరిగి కంకర మీద పడి ఉన్నాయి. వాటిని చూపించినవాడు దాసరి గుంపస్వామి, ఆ లైను కీమేన్. రోజూ తెల్లవారకుండా సుత్తీ, స్పానరూ పట్టుకుని ఆరు కిలోమీటర్ల పట్టా నడిచి వదులైనవి బిగించడం అతని పని. పొద్దుటినుంచి పెట్టెల్లోంచి మనుషుల్ని లాగుతూనే ఉన్నాడు. మోచేతుల దాకా నెత్తురు. స్పానరు ఎక్కడ పడేశాడో అతనికే తెలియదు.

"ఇరిగిన కాడ సూడండి బావూ," అన్నాడు జోగారావుతో. "సగం నల్లగుంది, సగం మెరుత్తంది. నల్లగున్నది పాత నెర్ర. మెరిసింది ఇయ్యాల ఇరిగింది. నెర్రిచ్చినాయి, మార్చండని ఇంజనీరుగోరికి మూడుసార్లు సెప్పినాను. మారుత్తాంలే అన్నారు. మార్చనేదు."

జోగారావు మూడు బోల్టుల్నీ ఒక్కొక్కటిగా ఎత్తి, భూతద్దం పెట్టి చూశాడు. కళ్లజోడు తుడుచుకోలేదు.

"నిజమే," అన్నాడు.

ఆ మాట నేను విన్నాను. గుంపస్వామీ విన్నాడు. మధ్యవర్తులూ విన్నారు. నివేదికలో మాత్రం "బోల్టులు మూడు" అని రాయించారు. విరిగినవనీ లేదు, నల్లగా ఉన్నాయనీ లేదు. బోల్టుల సంగతి నిపుణులు చెబుతారు, నువ్వు వర్ణించకు అని పైనుంచి ఫోనులో ఆజ్ఞ వచ్చింది. ఇరవై రెండేళ్లలో చొక్కా గుండీల రంగు కూడా వదలకుండా రాయించిన మనిషి ఆ రోజు రెండు మాటలు మింగాడు. అక్కడే అయిపోయింది నా దృష్టిలో. తర్వాతది ఊరికే జరిగింది.

మధ్యవర్తుల్లో ఒకడు సంతకం పెట్టి తన దారిన పోయాడు. నన్ను అందుకున్న రెండోవాడి పేరు బెహరా సన్యాసిరావు. పక్క ఊరి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. మంచివాడు. మంచివాడని ఊరంతా అంటారు. ఎవరేది అడిగినా ఇచ్చేవాణ్ణి మంచివాడనే అంటారు. నన్ను రుమాల్లో చుట్టుకుని ఇంటికి తీసుకెళ్లి, గోడబీరువాలో తాళం వేసి పెట్టాడు. భార్యని కూడా ముట్టుకోనివ్వలేదు. మొదటి వారం నాకు అతని మీద కాస్త గౌరవం కలిగింది. తప్పు నాదే.

ఎనిమిదో రోజు పొద్దున్నే జోగారావు అతని గుమ్మంలో నిలబడ్డాడు.

"అయ్యబాబోయ్! సారా? కబురెడితే నానే వచ్చేద్దును కదండీ," అని సన్యాసిరావు తువ్వాలుతో కుర్చీ దులిపాడు.

"ఇటు పనుండి వచ్చాను. ఆ సీలు ఓ పూటకి కావాలి. ఇంకో చోట సోదా ఉంది, ఆఫీసులో ఉన్నది అరిగిపోయింది."

"దానికేటండీ! మీదే కదా. రసీదు మళ్లీ రాయాలా?"

"ఎందుకులే. సాయంత్రానికి తెచ్చిచ్చేస్తా."

"మీరు తేవడం ఏటి సార్, నానే వచ్చి పట్టుకెళ్తాను."

మూడు నిమిషాల్లో అయిపోయింది. కాఫీకే ఎక్కువసేపు పట్టింది.

ఆఫీసు గదిలో నన్ను బల్ల మీద పెట్టి, పక్కన కట్ట పెట్టి, జోగారావు గంటసేపు కూర్చున్నాడు. సొరుగులో మూడు బోల్టులు సిద్ధంగా ఉన్నాయి. ఎక్కడా విరగనివి, ఎవరో కావాలని విప్పినట్టు తలల మీద స్పానరు పట్టిన కొత్త గీతలున్నవి. అప్పటికి గుంపస్వామిని పట్టుకుని నాలుగు రోజులైంది. పట్టా పక్క కంకరలో అతని స్పానరు దొరికిందట. దొరకదా మరి, మనుషుల్ని లాగుతూ అక్కడే పడేశాడు.

పై అధికారి తలుపు తోసుకుని వచ్చాడు. "ఇంకా కాలేదా?"

"ఇంజనీరు నిర్లక్ష్యం స్పష్టంగా ఉంది సార్. బోల్టులు చూస్తే తెలిసిపోతుంది."

"నిర్లక్ష్యానికి మనమెందుకయ్యా? లోకల్ స్టేషనోళ్లు చాలు. కుట్ర అని పేపర్లలో వచ్చింది, ఢిల్లీ నుంచి రోజుకి మూడు ఫోన్లు. కుట్ర ఏదీ అంటే ఏం చూపించను? తుప్పుని బోనెక్కిస్తావా?"

జోగారావు సొరుగు కాస్త లాగి, మళ్లీ మూశాడు.

"నీ ప్రమోషన్ ఫైలు నా బల్ల మీదే ఉంది," అన్నాడు ఆయన, తలుపు దగ్గర ఆగి, వాతావరణం గురించి చెప్పినట్టు.

ఆయన వెళ్లాక జోగారావు గడియ వేశాడు. కట్ట మీద మధ్యవర్తుల సంతకాల చీటీని నీళ్లు కాచి ఆవిరి పట్టి ఊడదీశాడు. లక్క పగలగొట్టి, తాడు విప్పి, విరిగిన మూడూ తీసి, విరగని మూడూ పెట్టాడు. ఎంత నేర్పుగా చేశాడని! ఎదుటివాళ్లు ఇలాంటివి ఎలా చేస్తారో ఇరవై రెండేళ్లు పట్టుకుని నేర్చుకున్న నేర్పు. నన్ను ఎత్తుతుంటే మాత్రం ఆవిరికి తడిసిన వేళ్లలోంచి జారాను. గచ్చు మీద పడ్డాను. నా అంచు ఒక చోట, చివరి అక్షరం పక్కన, మినపగింజంత రాలిపోయింది. ఆయన చూసుకోలేదు. ఎప్పటిలాగే ఉమ్మి, అయిదు ముడుల మీద అయిదుసార్లు నన్ను నొక్కాడు. నిపుణులు పోల్చుకోవడానికి పంపే నమూనా ముద్ర కూడా ఆ రోజే వేశాడు కాబట్టి వాళ్లకి తేడా కనబడలేదు; నా ముడులు కదపకుండా గుడ్డ పక్కన కోసి చూసి, మళ్లీ కుట్టి పంపేశారు. గొర్లెవలసలో నివేదిక అడుగున వేసిన నా అసలు ముద్ర మాత్రం వారం క్రితమే కోర్టు ఫైల్లోకి చేరింది. దాన్ని ఎవరూ వెనక్కి తీసుకురాలేరు.

చెప్పినట్టే సాయంత్రం నన్ను సన్యాసిరావుకి ఇచ్చేశారు. మాట నిలబెట్టుకోవడంలో జోగారావు గట్టివాడు.

"అంచు రాలినట్టుంది సార్," అన్నాడు సన్యాసిరావు, వేలితో తడిమి.

"కింద పడింది."

"పోన్లెండి," అన్నాడు.

ఆ తర్వాత నాలుగేళ్లు ఆ గోడబీరువాలోనే ఉన్నాను. గుంపస్వామికి బెయిలు రాలేదు. పదకొండు మందిని చంపినవాడని పేపర్లలో ఫొటో పడ్డవాడికి బెయిలు ఎవరిస్తారు? జోగారావు డీఎస్పీ అయ్యాడు. సన్యాసిరావు నెలకోసారి తాళం తీసి, రుమాలు విప్పి, ఆ రాలిన చోటుని బొటనవేలితో తడిమేవాడు. మళ్లీ చుట్టి పెట్టేసేవాడు. పశ్చాత్తాపపడ్డాడని అనుకోకండి. భయపడ్డాడు. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది, మనుషులు కావాలని కలిపేసుకుంటారు.

రెండో ఏడాది వేసవిలో గుంపస్వామి భార్య పైడమ్మ వచ్చింది. బీరువా తలుపు తీసే ఉంది, అంతా విన్నాను. ఆవిడ లోపలికి రాలేదు, అరుగు మీద కూర్చోలేదు.

"బావూ, ఆ కాగితం మీద సంతకం ఎట్టింది మీరేనట గదా. ఒక్క ముక్క సెప్పండి. ఆ బోల్టులు ఇరిగిపోనాయా, ఎవులైనా ఇప్పేసినారా?"

"నాకు సరిగ్గా గుర్తులేదమ్మా."

"మీరు సూసినారు."

"చానా రోజులైపోయింది కదేటి. కోర్టులో ఉంది. నేను మాట్లాడకూడదు."

"ఊళ్లో నీళ్లకెళ్తే బిందె ఎత్తనివ్వడం నేదు బావూ. పదకొండు కొంపలూ మా ఊరియే. మా ఆయన తియ్యనేదని మీరొక్కరు సెప్తే సాలు."

సన్యాసిరావు లోపలికి వెళ్లి ఆవిడకి మజ్జిగ తెచ్చాడు. తాగకుండానే వెళ్లిపోయింది. మరుసటి ఏడు ఆవిడ పోయిందని పశువుల ఆసుపత్రికి వచ్చిన వాళ్లెవరో చెప్పారు. జ్వరమని, ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఊళ్లో బండి కట్టినవాడు లేడని. "అయ్యో పాపం," అన్నాడు సన్యాసిరావు. ఆ పూట భోజనం మానేశాడు. రాత్రికి తిన్నాడు.

నాలుగో ఏడు కేసు విచారణకొచ్చింది. సన్యాసిరావు నన్ను జేబులో వేసుకుని విశాఖపట్నం కోర్టుకి తీసుకెళ్లాడు. న్యాయమూర్తి యాభై దాటిన ఆడమనిషి. రోజంతా పెద్దగా మాట్లాడదు. గుంపస్వామి బోనులో ఉన్నాడు, జుట్టంతా తెల్లబడి. అతనికి ప్రభుత్వం ఇప్పించిన వకీలు ఆ కేసు కాగితాలు ఆ పొద్దునే మొదటిసారి చూస్తున్నట్టున్నాడు. జోగారావు మొదటి బెంచీలో కూర్చున్నాడు.

కోర్టులో కట్ట విప్పేముందు దాని మీది ముద్రనీ, నివేదిక అడుగునున్న ముద్రనీ పోల్చి చూడాలి. పోల్చవలసినవాడు గుమాస్తా. ఏళ్ల తరబడి నా ముద్రలు ఆయన బల్ల మీదికి వస్తున్నాయి, ఒక్కసారీ ఆయన తలవంచి చూడలేదు. ఆ రోజూ అంతే. "సరిపోయిందమ్మా," అని కత్తెర తీశాడు.

"ఇలా ఇవ్వండి," అంది న్యాయమూర్తి.

ఎందుకు అడిగిందో నాకు తెలియదు. బహుశా ఆవిడ చెయ్యవలసిన పని అది కాబట్టి. నివేదిక ఒక పక్క, కట్ట ఒక పక్క పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత సాక్షి బోనులో ఉన్న సన్యాసిరావు దగ్గర నన్ను అడిగి తీసుకుని, నా ముఖం కిటికీ వైపు తిప్పింది.

"సన్యాసిరావుగారూ, ఈ సీలు గొర్లెవలసలో మీ చేతికొచ్చినప్పుడు దీని అంచు ఇలాగే ఉందా?"

"ఆఁ... అంటే... లేదండి. బాగానే ఉండేది."

"నివేదిక మీద బాగానే ఉంది. కట్ట మీద అయిదు ముద్రల్లోనూ విరిగి ఉంది. రెండూ ఒకే గంటలో వేశామని మీరు సంతకం పెట్టారు. మీ దగ్గరినుంచి ఇది ఎప్పుడైనా బయటికి వెళ్లిందా?"

సన్యాసిరావు జోగారావు వైపు చూశాడు. జోగారావు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"అటు కాదు. ఇటు చూసి చెప్పండి."

"ఇచ్చినానమ్మా," అన్నాడు సన్యాసిరావు. రెండు చేతులా బోను కమ్మీ పట్టుకున్నాడు. "ఒక్క పూటకే అన్నారు. సెంట్రలోళ్లు తల్లీ, గుమ్మంలోకొచ్చి అడిగితే ఎలా కాదనగల్ను? ఆ బోల్టులు ఇరిగిపోయే ఉన్నాయమ్మా. నల్లగా ఉన్నాయి. నా కళ్లతో చూశాను."

కట్ట విప్పారు. మూడు బోల్టులు బయటికొచ్చాయి, నిగనిగలాడుతూ, ఎక్కడా విరగకుండా.

పదో రోజున తీర్పు. గుంపస్వామి నిర్దోషి. జోగారావు మీద తప్పుడు సాక్ష్యం పుట్టించినందుకు కేసు పెట్టమని ఉత్తర్వు. పై అధికారి పేరు తీర్పులో ఎక్కడా లేదు. ఆయన తలుపు దగ్గర అన్న మాటకి మధ్యవర్తులు లేరు.

గుమాస్తా నాకు చీటీ కడుతున్నాడు. జోగారావు జనాన్ని తప్పించుకుని గుంపస్వామి ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. చేతులు జోడించాడు.

"గుంపస్వామీ, నాది తప్పే. నన్ను క్షమించు."

గుంపస్వామి ఆ చేతుల వైపు చూశాడు.

"ఆ మూడు బోల్టులూ ఏటి సేసినావు బావూ?"

జోగారావు జోడించిన చేతులు దించాడు.

"ఇరిగినయ్యి. ఏటి సేసినావు?"

"పారేశాను."

"ఎక్కడ?"

"హార్బర్లో."

"అయితే ఇంజనీరుగోరికి ఏటీ అవదన్నమాట," అన్నాడు గుంపస్వామి. "నాను తియ్యనేదని ఈ కాగితం సెప్తది. మరి పదకొండు మందినీ ఎవులు సంపినారని మా ఊళ్లో అడిగితే ఏటి సెప్పను? సూపించడానికి నా కాడ ఏటుంది?"

"నేను..."

"మా ఇంటిది ఆ మాట ఇనకుండానే పోనాది. సెమించడానికి ఆవిడ నేదు. నాను సెమించను. ఒగ్గు బావూ, దారి."

జోగారావు పక్కకి తప్పుకున్నాడు. గుంపస్వామి మెట్లు దిగి వెళ్లిపోయాడు. వెంట ఎవరూ లేరు. సన్యాసిరావు కాస్త దూరంలో నిలబడి ఏడుస్తున్నాడు. అతన్ని ఎవరూ పట్టించుకోలేదు, నాకూ జాలి కలగలేదు.

ఇప్పుడు నేను కోర్టు సామాన్ల గదిలో ఒక చెక్కపెట్టెలో ఉన్నాను. పక్కన ఆ విరగని బోల్టులు మూడూ ఉన్నాయి, ఒక గొడ్డలి ఉంది, ఎవరిదో చెప్పు ఒకటి ఉంది. మీద దుమ్ము. శాఖవాళ్లు నన్ను తిరిగి ఇమ్మని ఉత్తరం రాశారట, కోర్టు ఇవ్వనంది. కొత్త సీలు చేయించుకుని ఉంటారు. దాన్నీ ఎవరో ఒక మంచివాడి చేతికి ఇచ్చి రసీదు రాయించుకుంటూ ఉంటారు.

ఆ మంచివాడు మీరే కావచ్చు. మర్యాదగా మాట్లాడే మనిషి ఒకడు మీ ఇంటికొచ్చి, చెప్పులు బయట విడిచి, చిన్న సాయం అంటాడు. చిన్నదే. మీరు లోపలికి వెళ్లి, ఎక్కడ పెట్టారో వెతికి, తుడిచి మరీ తెచ్చి ఇస్తారు. ఇవ్వనని మీరిప్పుడు అనుకుంటున్నారు. సన్యాసిరావు కూడా చదువుకున్నవాడే.